కొత్త టైర్లు వేశాక చప్పుడు, ఉదయం పూట గాలి లైటు: బరువైన ఎలక్ట్రిక్ పికప్‌లో ముందు ఏం చూడాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 2022 మోడల్ ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. పది రోజుల క్రితం ఇంటి దగ్గర షాపులో నాలుగు టైర్లూ మార్పించారు. అప్పటి నుంచి పార్కింగ్‌లో మెల్లగా తిప్పేటప్పుడు ఎడమ వెనక వైపు కట్ కట్‌మని చప్పుడు, హైవే మీద సన్నటి వణుకు. చలిగాలులు వీచిన రెండు రోజులూ ఉదయం టైరు గాలి లైటు వెలిగి, మధ్యాహ్నానికి దానంతటదే ఆరిపోయింది. వచ్చే శనివారం ఉగాది ఫంక్షన్‌కి స్టేజీ సామాను ట్రైలర్‌లో వేసుకుని డాలస్ నుంచి ఆస్టిన్ వెళ్ళాలి. "ఎలక్ట్రిక్ బండి కదా, బరువెక్కువ, ఇవన్నీ మామూలేనా అన్నా?" అని ముగించారు.

మామూలు కాదు. వణుకు సంగతి, లైటు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. మెల్లగా తిప్పేటప్పుడు వచ్చే ఆ కట్ కట్ చప్పుడు నాకు నచ్చలేదు. టైర్లు మార్చిన తర్వాతే మొదలైంది, ఒకే చక్రం దగ్గర వస్తోంది అంటే మొదటి అనుమానం వీల్ నట్ల మీదే. కాబట్టి ముందు బండి కదపకుండా నట్లు చూడండి, మిగతాది ఆ తర్వాత చదవొచ్చు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ టైర్ల షాపులో ఎనిమిదేళ్ళు చేశాను. టెక్సస్ వచ్చాక టైర్లు, అలైన్‌మెంట్ పనిలో పదిహేడేళ్ళు. ఈ ఎలక్ట్రిక్ పికప్‌లు మా షాపుకి రావడం మొదలయ్యాక ఒకటి గమనించాను. లారీ నడిపేవాడికి తన బండి బరువు ఒంటికి తెలుస్తుంది. గేరు మార్చినప్పుడు, బ్రేకు తొక్కినప్పుడు, గట్టు ఎక్కినప్పుడు ఆ బరువు వాడితో మాట్లాడుతూనే ఉంటుంది. ఎలక్ట్రిక్ పికప్ ఆ మాట వినపడనివ్వదు. చప్పుడు లేదు, కాలు పెడితే కారులా దూకుతుంది. దాంతో ఓనరూ, షాపు కుర్రాడూ ఇద్దరూ దాన్ని కారులాగే చూస్తారు. మీ లైట్నింగ్ మామూలు ఎఫ్-150 కంటే వెయ్యి పౌండ్లకు పైగా బరువు. జీఎంసీ హమ్మర్ ఎలక్ట్రిక్ పికప్ అయితే 9,000 పౌండ్లు దాటింది, అందులో బ్యాటరీ ఒక్కటే దాదాపు 1,300 కిలోలు. మన దగ్గర పెట్రోల్ ఆల్టో మొత్తం కలిపి 800 కిలోలు ఉండదు. ఒకటిన్నర ఆల్టోని నేల కింద కట్టుకుని తిరుగుతున్నట్టు లెక్క.

ఇక నట్లు. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే రెంచ్) లేకపోతే ఆటో పార్ట్స్ షాపుల్లో డిపాజిట్ కట్టించుకుని అరువిస్తారు. చదునైన నేల మీద, చక్రాలు నేలకు ఆనించే ఉంచి, పార్కింగ్ బ్రేక్ వేయండి. మీ బండికి చక్రానికి ఆరు నట్లు, బిగింపు 150 ఫుట్ పౌండ్లు, అంటే 204 న్యూటన్ మీటర్లు. రెంచ్‌ని అంతకు పెట్టి, ఒకదాని తర్వాత పక్కది కాకుండా ఎదురెదురుగా ఉన్న నట్లు చూసుకుంటూ వెళ్ళండి. నట్టు కదలకుండానే రెంచ్ టిక్‌మంటే ఆ నట్టు బాగున్నట్టే. టిక్‌మనే లోపు పావు చుట్టు తిరిగిందంటే అది వదులైపోయింది.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. తిరిగిన నట్టుని బిగించేసి, "హమ్మయ్య, అదే చప్పుడు" అనుకుని రోడ్డెక్కుతారు. అలా చేయకండి. ఒక్క నట్టు ఓ రవ్వ కదిలిందంటే సరే అనుకోవచ్చు. రెండు మూడు కదిలాయంటే ఆ చక్రం పది రోజులుగా హబ్ (చక్రాన్ని బిగించే ఇరుసు చివరి భాగం) మీద ఆడుతోందని అర్థం. చక్రం విప్పించి రంధ్రాలు చూడాలి. అంచులు మెరుస్తున్నాయా, గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డులా సాగిందా, స్టడ్ల (నట్లు ఎక్కే బోల్టుల) మర మీద అల్యూమినియం పొడి అంటుకుందా అని. అలా ఉంటే ఆ చక్రం పనికిరాదు, స్టడ్లు కూడా ఆరూ మార్చాల్సిందే. వదులుగా తిరిగిన స్టడ్ పైకి బాగానే కనిపిస్తుంది, లోపల వంగీ వంగీ అలసిపోయి ఉంటుంది.

రెండేళ్ళ క్రితం ఒక ఎలక్ట్రిక్ పికప్‌ని ఫ్లాట్‌బెడ్ మీద మా షాపుకి తెచ్చారు. ఏ కంపెనీదో, టైర్లు వేసింది ఎవరో ఇక్కడ అనవసరం. వెనక చక్రం నట్ల చుట్టూ సూర్యకిరణాలు గీసినట్టు నారింజ రంగు తుప్పు చారలు ఉన్నాయి. రెండు స్టడ్లు విరిగి, నట్లు ఎక్కడో రోడ్డు మీద పడిపోయాయి. చక్రం విప్పితే హబ్ మీద, చక్రం వెనక వైపు ఆనే చోట, దళసరిగా నల్ల రంగు పెచ్చు. పాత చక్రాలకు కొత్తగా పౌడర్ కోటింగ్ వేయించారు, ఆనే చోట గీకడం మర్చిపోయారు. అంతే తప్పు. ఓనరు "మూడు వారాలుగా చప్పుడు వస్తోంది, ఎలక్ట్రిక్ బండి కదా, మోటారు చప్పుడు అనుకున్నా" అన్నాడు. మీ ప్రశ్న చదివినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు.

ఆ పెచ్చు ఎందుకంత ప్రమాదమో చెప్తాను, ఎందుకంటే ఇది తెలిస్తే మీరే షాపువాణ్ణి అడగగలరు. బండి బరువుని స్టడ్లు మోస్తున్నాయని చాలామంది అనుకుంటారు. కాదు. నట్టు బిగించినప్పుడు స్టడ్ రబ్బరు బ్యాండులా వెంట్రుకవాసి సాగుతుంది. ఆ సాగుడు చక్రాన్ని హబ్‌కి గట్టిగా అదిమి పడుతుంది. ఆ రెండు లోహాల మధ్య ఉన్న ఆ పట్టు, బరువునీ తోపునీ మోస్తుంది. మధ్యలో రంగో తుప్పో మట్టో ఉంటే నాలుగు రోజులు తిరిగేసరికి అది నలిగి పలుచబడుతుంది. ఆ కాస్త సందుకే స్టడ్ సాగుడు తగ్గి పట్టు పోతుంది. నట్టు తిరగక్కర్లేదు, ఉన్నచోటే ఉండి వదులైపోతుంది. పైగా ఎలక్ట్రిక్ బండిలో యాక్సిలరేటర్ నొక్కితే ముందుకు తోపు, కాలు తీస్తే మోటారే బ్రేకులా వెనక్కి లాగుడు. ఒక్క సిగ్నల్ దాటేలోపు చక్రం మీద బలం ఎన్నిసార్లు అటూ ఇటూ మారుతుందో చూడండి. పట్టు సరిగ్గా లేని చక్రాన్ని ఇది తొందరగా బయటపెడుతుందని నా అభిప్రాయం.

అందుకే టైరు మార్చాక 100 మైళ్ళలోపు నట్లు మళ్ళీ చూపించుకోమని ఫోర్డ్ మాన్యువల్లో రాసి ఉంటుంది. షాపు బిల్లు కింద కూడా చిన్న అక్షరాలతో ఉంటుంది, ఎవరూ చదవరు. మీరు పది రోజులు తిరిగారంటే ఆ 100 మైళ్ళు ఎప్పుడో దాటేసి ఉంటారు.

ఒక పక్క మాట. ఆటోనగర్‌లో మా మేస్త్రి లారీ నట్లకు ఆయిల్ బొట్టు వేసి బిగించమనేవాడు, నాకు అదే అలవాటు. ఇక్కడికొచ్చాక మొదట్లో కార్లకూ అలాగే చేసి తిట్లు తిన్నాను. 150 అనేది పొడి మర మీద లెక్క. జిడ్డు పూస్తే రాపిడి తగ్గుతుంది, రెంచ్ మీద అదే 150 కనిపించినా స్టడ్ మాత్రం అవసరానికి మించి సాగిపోతుంది. కాబట్టి డబ్ల్యూడీ-40 లాంటివి కొట్టకండి, వైరు బ్రష్‌తో తుడవండి చాలు. ఇంపాక్ట్ గన్నుతో టరటరమని బిగించి "టైట్ అయిపోయింది సార్" అనేవాడిదీ ఇదే కథ. ఎక్కువ బిగించినా స్టడ్ పాడవుతుంది.

ఫ్యాక్టరీలోనే పొరపాటు జరిగితే? అదీ జరిగింది. 2022 జూన్‌లో టొయోటా తన కొత్త ఎలక్ట్రిక్ కారు బీజెడ్4ఎక్స్‌లు సుమారు 2,700 వెనక్కి పిలిచింది. గట్టిగా మలుపులు తిప్పడం, హఠాత్తుగా బ్రేకు వేయడం పదేపదే జరిగితే హబ్ బోల్టులు వదులై చక్రమే ఊడిపోవచ్చని. అప్పటికి బండి మార్కెట్లోకొచ్చి రెండు నెలలు కూడా కాలేదు. సరైన మరమ్మతు తేల్చడానికి అక్టోబరు దాకా పట్టింది. అదే అక్టోబరులో ఎలక్ట్రిక్ పికప్‌లు చేసే రివియన్ కంపెనీ సుమారు 12,200 బండ్లు, అంటే అప్పటిదాకా ఇచ్చిన దాదాపు అన్నిటినీ, వెనక్కి పిలిచింది. అక్కడ వీల్ నట్టు కాదు, ముందు చక్రాన్ని పట్టి ఉంచే పై ఆర్మ్‌కీ స్టీరింగ్ నకిల్‌కీ (స్టీరింగ్‌తో పాటు తిరిగే చక్రం దగ్గరి భాగానికీ) మధ్య బోల్టు సరిగ్గా బిగించి ఉండకపోవచ్చని అనుమానం. చక్రం పక్కకి వాలడం దాని లక్షణం. ఈ రెండూ చెప్పడం మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. నట్లన్నీ బాగున్నాయని తేలినా చప్పుడు పోకపోతే, సస్పెన్షన్ బోల్టులు చూడకుండా వదలొద్దని.

ఇక గాలి లైటు. మీ కేసులో ఇది ముచ్చటైన లెక్క, కాగితం తీసుకోండి.

లైట్నింగ్ తొలి బ్యాచ్‌లో 2,666 బండ్లని ఫోర్డ్ 2022లో రీకాల్ చేసింది. ఆ బండ్లకు చల్లటి టైరులో ఉండాల్సిన గాలి 42 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత). కంప్యూటర్లో మాత్రం 35 అని పెట్టేశారు. అమెరికాలో నిబంధన ఏమిటంటే, ఉండాల్సిన గాలిలో 25 శాతం తగ్గితే లైటు వెలగాలి. 42కి అయితే 31.5 దగ్గర వెలగాలి. కంప్యూటర్ 35 అనుకుంటే 26 దాకా మౌనంగా ఉంటుంది. అంటే 42 ఉండాల్సిన టైరులో 27 ఉన్నా డ్రైవరుకి ఏమీ చెప్పదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో సరిచేశారు. మీది 2022 మోడలే కాబట్టి ముందు విన్ నంబరు (బండి గుర్తింపు నంబరు) అమెరికా రోడ్డు భద్రత సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో కొట్టి, మీ బండి ఆ లిస్టులో ఉందా, ఉంటే పని పూర్తయిందా చూడండి. పాత ఓనరు చేయించాడో లేదో ఊహించుకోవద్దు.

మీ లైటు వెలుగుతోంది కాబట్టి బహుశా అప్‌డేట్ అయ్యే ఉంటుంది. మరి ఎందుకు వెలిగింది? బిల్లు మీద "35 పీఎస్ఐ నింపాం" అని రాశారని మీరే చెప్పారు, డోరు స్టిక్కర్ మీద 42 ఉందనీ చెప్పారు. షాపు కుర్రాడు వచ్చే ప్రతి కారుకీ 35 కొడతాడు, చెయ్యి అలా అలవాటైపోయి ఉంటుంది. ఆరోజు షాపులో 25 డిగ్రీలు ఉందనుకోండి. మార్చిలో డాలస్ సంగతి తెలిసిందే, ఒక్క రాత్రిలో 3 డిగ్రీలకి పడిపోతుంది. ఉష్ణోగ్రత సుమారు ఐదున్నర డిగ్రీలు పడితే టైరులో ఒక పీఎస్ఐ తగ్గుతుంది. 22 డిగ్రీలకు నాలుగు. 35లోంచి నాలుగు పోతే 31. అంటే 31.5 కిందకి దిగింది, లైటు వెలిగింది. కాస్త తిరిగి టైరు వేడెక్కాక, ఎండ వచ్చాక 32, 33 అయింది, లైటు ఆరిపోయింది. లైటు ఆరింది కదా అని మీరు ఊపిరి పీల్చుకున్నారు. నిజానికి ఆరిపోయాక కూడా ఉండాల్సిన దానికంటే తొమ్మిది పది పీఎస్ఐ తక్కువతో తిరుగుతున్నారు.

ఆ తొమ్మిది పది ఎంత పెద్ద విషయం? బరువు మోసేది రబ్బరు కాదు, లోపలున్న గాలి. 42 బదులు 33 ఉంటే టైరు మోయగల బరువు పదోవంతుకు పైనే తగ్గుతుంది. తగ్గితే వెంటనే పగలదు. ప్రతి చుట్టుకీ సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎక్కువ వంగుతుంది, వంగిన కొద్దీ వేడి, ఆ వేడికి లోపలి స్టీలు బెల్టు పొరలు విడిపోవడం మొదలవుతుంది. 2000 సంవత్సరంలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌ల మీద ఫైర్‌స్టోన్ టైర్ల ట్రెడ్ (రోడ్డుకి ఆనే పొర) ఊడిపోయి 200 మందికి పైగా చనిపోయిన గొడవ గుర్తుందా? 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచారు. అప్పుడు ఫోర్డ్ చెప్పింది 26 పీఎస్ఐ, టైరు కంపెనీ చెప్పింది 30. తప్పు టైరు తయారీదా, బండి డిజైనుదా, తక్కువ గాలిదా అని రెండు కంపెనీలూ కొట్టుకున్నాయి. ఈ గాలి లైటు ప్రతి బండికీ ఉండాలనే చట్టం పుట్టింది ఆ గొడవలోంచే. అక్కడ నాలుగు పీఎస్ఐ మీద అంత రచ్చ జరిగింది.

కాబట్టి ఉదయం బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు, నాలుగింటికీ స్టిక్కర్ మీదున్న అంకె పెట్టండి. టైరు సైడ్‌వాల్ మీద ఉండే గరిష్ఠ గాలి అంకె కాదు, డోరు స్తంభం మీదిది. వేడి టైరులో ఎక్కువ కనిపించిందని గాలి తీసేయొద్దు.

లైటు విషయంలో ఇంకొక్కటి. 2024 డిసెంబరులో టెస్లా సైబర్‌ట్రక్‌తో సహా దాదాపు ఏడు లక్షల బండ్లకు సాఫ్ట్‌వేర్ రీకాల్ చేసింది. హెచ్చరిక లైటు బండి ఆపి మళ్ళీ తీసేసరికి నిలబడకుండా పోయే అవకాశం ఉందని. లైటు మీదే పూర్తిగా ఆధారపడకండి అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి. పది డాలర్ల గేజి ఒకటి గ్లవ్ బాక్స్‌లో పడేసుకోండి.

ఇప్పుడు కొత్త టైర్లు అసలు ఈ బండివేనా అన్నది. సైజు అదే అని షాపువాడు చెప్పాడన్నారు. సైజు సరిపోతే రిమ్ముకి ఎక్కుతుంది, బరువు మోస్తుందని కాదు. సైజు పక్కన ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి, 116టి లాగా. ఆ అంకె లోడ్ ఇండెక్స్. 112 అంటే 1,120 కిలోలు, 115 అంటే 1,215, 116 అంటే 1,250. డోరు స్టిక్కర్ మీద వెనక ఇరుసు మోయగల గరిష్ఠ బరువు ఉంటుంది. ఉదాహరణకి అది 2,200 కిలోలు అనుకుందాం. కారు తరహా టైరుని పికప్‌కి వేసినప్పుడు దాని మోతని 1.1తో భాగించాలన్నది ఇక్కడి రూలు. 116 టైర్లు రెండు అయితే 2,272 కిలోలు, సరే. 115 అయితే 2,209, కాగితం మీద పాస్, మిగులు తొమ్మిది కిలోలు, అంటే మీ టూల్‌బాక్స్ బరువు కూడా లేదు. 112 అయితే 2,036. ఈ టైరు ఖాళీ బండిని హాయిగా మోస్తుంది, ఏడాదంతా ఏమీ కాదు, సామాను వేసి ట్రైలర్ తగిలించిన రోజున దాని సంగతి తెలుస్తుంది. మీ స్టిక్కర్ అంకెతో ఈ లెక్క మీరే వేసుకోండి, రెండు నిమిషాల పని. తక్కువ వస్తే టైర్లు వెనక్కిచ్చేయండి. పేరు, బ్రాండు, డిస్కౌంటు ఏవీ దీనికి సమాధానం కావు.

అక్కడే సైడ్‌వాల్ మీద డాట్ అని మొదలయ్యే నంబరు చివర నాలుగు అంకెలు చూడండి. 2422 అంటే 2022లో 24వ వారం తయారైంది. కొత్తవంటూ పాత సరుకు అంటగట్టారేమో తేలిపోతుంది.

హైవే మీద వణుకు బ్యాలెన్సింగ్‌దే కావొచ్చు. అరవై డెబ్భై మైళ్ళ దగ్గర మొదలై, ఒకేలా ఉండి, వేగం తగ్గితే పోయేది బ్యాలెన్సింగ్. వేగం తగ్గినా ధబ్ ధబ్‌మని మిగిలేది, సీటు కింద తెలిసేది, టైరు లోపలి బెల్టు విడిపోతోందని. చేత్తో ట్రెడ్ మీద నిమిరితే ఒకచోట ఉబ్బు తగులుతుంది. మెల్లగా ఉన్నప్పుడు కట్ కట్‌మని, తిప్పితే మారేది నట్లో, సస్పెన్షనో. మీరు చప్పుడునీ వణుకునీ ఒకే వాక్యంలో కలిపి రాశారు, విడదీసి వినండి.

చక్రానికి ప్లాస్టిక్ కవర్లు ఉంటే అవీ తీసి చూడమంటాను. నవ్వకండి. 2024 మొదట్లో సైబర్‌ట్రక్ ఓనర్లు ఫొటోలు పెట్టారు, అందంకోసం పెట్టిన వీల్ కవరు అంచు టైరు సైడ్‌వాల్‌ని రాసుకుంటూ గాడి పెట్టేసింది. కంపెనీ ఆ కవర్లు ఇవ్వడం ఆపి, మార్చి తెచ్చింది. బరువు పడ్డప్పుడు సైడ్‌వాల్ ఎంత ఉబ్బుతుందో షోరూంలో నిలబెట్టిన బండి చెప్పదు. సైడ్‌వాల్‌లో గాడి లోతుగా పడితే దానికి రిపేరు లేదు, పంక్చర్ ప్యాచ్ అంతకన్నా లేదు.

అరుగుదల గురించి మీరు అడగలేదు కాబట్టి తొందరగా దాటేస్తాను. ఈ బండ్లు టైర్లు త్వరగా తింటాయి, నిజమే, కొంత బరువు, కొంత మీ కుడికాలు. రివియన్ మొదటి నాలుగు మోటార్ల బండ్లలో కన్సర్వ్ మోడ్ పెడితే వెనక మోటార్లు విడిపోయి ముందు చక్రాలే లాగేవి, ముందు టైర్లు ముందుగా నున్నగా అయ్యేవి. బండిని బట్టి ఇలాంటివి ఉంటాయి, మాన్యువల్లో చెప్పిన దూరానికి టైర్లు ముందువి వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చి వేయించండి.

దారిలో టైరు పోతే రోడ్డు పక్క షోల్డర్ మీద మీరే జాకీ వేసే సాహసం వద్దు. నేల కింద మధ్యభాగమంతా బ్యాటరీ. జాకీ అంగుళం పక్కకి పడితే టైరు ఖర్చు కాస్తా బ్యాటరీ ఖర్చు అవుతుంది. ఫోన్ చేసి ఫ్లాట్‌బెడ్ అని గట్టిగా చెప్పండి. రెండు చక్రాలు నేల మీద పెట్టి లాక్కెళ్తే మోటార్లు తిరుగుతాయి, అది ఈ బండ్లకు పనికిరాదు.

ఆస్టిన్ సంగతి. నట్లు, గాలి, లోడ్ ఇండెక్స్ మూడూ తేలేదాకా ట్రైలర్ తగిలించొద్దు. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద, అంటే సరిగ్గా మీకు చప్పుడు వస్తున్న వెనక ఇరుసు మీదే పడుతుంది. అద్దె ట్రైలర్ అయితే దాని టైర్ల డాట్ నంబరు కూడా చూడండి. అవి ఏడాదిలో పది నెలలు ఎండలో నిలబడి ఉంటాయి. శనివారంలోగా తేలకపోతే స్టేజీ సామానుకి ఒక అద్దె వ్యాన్ మాట్లాడేసుకోండి, పండగ పూట టెన్షన్ ఎందుకు.

నట్లు చూశాక ప్రతి నట్టు మీద నుంచి చక్రం మీదకి పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీయండి. లారీల చక్రాల మీద పసుపు బాణాలు చూసి ఉంటారు, అదే ఉపాయం. తర్వాత ఎప్పుడైనా గీత విరిగి కనిపిస్తే నట్టు తిరిగినట్టు. గీత కలిసే ఉంది కదా అని రెంచ్ పక్కన పెట్టొద్దు, తిరక్కుండా కూడా వదులవుతుందని పైన చెప్పాను. ఎడమ వెనక చక్రంలో ఎన్ని కదిలాయో, టైరు మీద ఏ లోడ్ ఇండెక్స్ ఉందో, డోరు స్టిక్కర్ ఫొటోతో సహా పెట్టండి. రేపు షాపు మూసేశాక ఎనిమిది తర్వాత చూస్తాను.